ఇంటి సేద్యం: తెలుగు నాట చిన్న కమతం

ఇంటిల్లిపాదీ కలిసి పనిచేసుకుంటూ, ఇంటి అవసరాలు ముందు చూసుకుని, మిగిలింది అమ్ముకునే వ్యవసాయాన్ని చిన్న కుటుంబ కమతం అంటారు. భూమి సొంతం కావచ్చు, కౌలుది కావచ్చు. పనిలో ఎక్కువ పాలు ఇంటివాళ్లది కావాలి, ఏ చేలో ఏం వేయాలో ఇంట్లోనే తేలాలి. ప్రభుత్వ లెక్కల్లో హెక్టారు లోపు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల లోపు సాగుచేసేవారు సన్నకారు రైతులు. అక్కడి నుంచి అయిదెకరాల దాకా ఉన్నవారు చిన్నకారు రైతులు. 2015-16 వ్యవసాయ గణన నాటికి సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో ఒక హెక్టారు. దేశం మొత్తం మీద 1970-71లో 2.28 హెక్టార్లున్న సగటు ఈ గణనకు 1.08కి దిగింది.

ఈ అంకెలతో తెలిసేది కొంతే. కోనసీమలో కాలువ కింద రెండెకరాల కొబ్బరి, అరటి ఒక సంసారాన్ని ఈడ్చుకురాగలవు. అనంతపురం వైపు పదెకరాల మెట్ట ఉన్న రైతు కూడా వాన మొహం చాటేసిన ఏడు బెంగళూరుకు కూలికి పోతాడు. ఎకరం శిస్తు వసూలు చేసేవాళ్లకు కావలసిన కొలత. రైతు ఇళ్లలో పాత కొలత ఎడ్లది: ఒక జత ఎడ్లతో, ఇంట్లో ఉన్న చేతులతో, అదను దాటకుండా ఎంత దున్ని విత్తగలిగితే అంతే కమతం. ఈ అదను అన్నది గుర్తుంచుకుంటే చిన్న రైతు చేసే పనులు చాలావాటికి కారణం తెలుస్తుంది.

బూడిద దిబ్బల నుంచి చెరువుల దాకా

తెలుగు నేల మీద పశువులతో ముడిపడ్డ బతుకుకు బాగా పాత ఆనవాళ్లు బూడిద దిబ్బలు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్విన దిబ్బ వీటిలో పేరుపడ్డది. కొత్తరాతి యుగంలో అక్కడి మనుషులు పశువులను దొడ్లు కట్టి తోలేవారు, పోగుపడ్డ పేడను తగలబెట్టేవారు. ఆ బూడిదే పొరలు పొరలుగా పేరుకుని గుట్టయింది. దక్కను పీఠభూమిలో ఆ కాలపు ఊళ్ల మట్టిని కడిగి, మాడిన గింజలను పరిశీలించినప్పుడు ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. నాలుగు వేల ఏళ్లు దాటిన ముచ్చట ఇది. పశువు, పప్పుధాన్యం, చిరుధాన్యం అనే ఈ మూడింటి పొత్తు మెట్ట సేద్యానికి నిన్నమొన్నటి దాకా పునాదిగా ఉంది. వాన ఆలస్యమై అసలు పంట దాటిపోయిన ఏడు రాయలసీమ రైతు ఈనాటికీ ఉలవలే చల్లుతాడు.

వరి సంగతి వేరు. దానికి నిలిచే నీళ్లు కావాలి, నీళ్లు నిలబెట్టడం ఒక ఇంటివల్ల అయ్యే పని కాదు. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు వచ్చాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలను, రాకూడని ఆరు దోషాలను వరసపెట్టి చెబుతుంది. ఇప్పటి ఇంజనీరు చదివినా కాదనడానికి పెద్దగా ఏమీ కనబడదు. చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం మాన్యాలు ఇచ్చేవారు. నీళ్లు వదిలే పని నీరటిది, రాయలసీమలో అయితే నీరుగంటిది. తూము కింద ఎవరి మడికి ఎంతసేపు పారాలో అతని మాటే చెల్లేది. పేరుకు ఇంటి సేద్యమే అయినా, మాగాణి విషయంలో అది ఊరి సేద్యం కూడా. చిన్న కమతం ఒంటరిగా, తన కాళ్ల మీద తానే నిలబడి బతికిందని చెప్పేవాళ్లు ఈ చెరువు గట్టును మరిచిపోతారు.

చేను నడిచే తీరు

ఒక రైతు ఇంటికి రకరకాల నేల కావాలి. చెరువు కింద ఒక చెక్క మాగాణి వరికి, ఎర్ర చెల్క పునాస పంటకు, నల్లరేగడి ఉంటే యాసంగి జొన్నకూ శనగకూ, పెరడు కూరగాయలకు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఒకరికి చెల్క, ఒకరికి రేగడి అని తేల్చేయరు. ప్రతి చేనునూ నిలువునా చీల్చి తలా ఒక పట్టీ తీసుకుంటారు. ఆర్థికవేత్తలు దీన్ని భూమి ముక్కలైపోవడం అంటారు. గట్ల కింద నేల పోతుంది, నడకకు పొద్దు పోతుంది, గట్టు తగాదాలు కోర్టుదాకా పోతాయి, ఆ పట్టీలో బావి తవ్వే వీలుండదు. ఈ నష్టాలన్నీ నిజమే. ఒక చేను మీద కురిసిన వాన పక్క పొలిమేర మీద కురవని సీమలో నాలుగు దిక్కులా నాలుగు చెక్కలుండడంలో తెలివి ఉందన్నదీ అంతే నిజం.

విత్తనం కూడా ఈ లెక్కలోనే పడేది. జహీరాబాద్ చుట్టుపట్ల ఎర్రనేలల్లో ఒకే ఎకరంలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అలసంద, నువ్వు, పుంటికూర కలిపి వేస్తారు. చూసేవాళ్లకు కలగాపులగంగా ఉంటుంది. పెసర రెండు నెలల్లో చేతికొచ్చి తప్పుకుంటుంది. తర్వాత కొర్ర, సజ్జ. జొన్న కోశాక చేనంతా కందిది. కంది వేరు లోతుకు దిగి కింది చెమ్మను అందుకుంటుంది, ఆకు రాలి నేలకు ఎరువవుతుంది. వాన ముందు కురిసి వెనక ఎగ్గొడితే ఒకటి దక్కుతుంది, ముందు ఎగ్గొట్టి వెనక కురిస్తే మరొకటి దక్కుతుంది. ఒక పురుగు పడి మొత్తం ఊడ్చుకుపోయే ప్రమాదం తక్కువ. అన్నీ బాగా పండిన ఏడు, ఒకే పంట వేసిన పక్క రైతుకు వచ్చినంత డబ్బు ఈ రైతుకు రాదు. ఏమీ పండని ఏడు మాత్రం ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రాయలసీమలో వేరుశనగ మధ్య కంది, సజ్జ, అలసంద సాళ్లు వేయడంలోనూ ఇదే లెక్క ఉంది. కృష్ణా డెల్టాలో దీని రూపం మారుతుంది: వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో తడి ఆరకముందే, నిలబడ్డ చేలో మినుమో పెసరో చల్లుతారు. దున్నే ఖర్చు లేదు, నీళ్ల ఖర్చు లేదు, మంచుకే పండుతుంది.

పనిముట్లు కొన్నే. నాగలి, గుంటక, గొర్రు, దంతె. మూడు నాలుగు చాళ్లలో ఒకేసారి విత్తే గొర్రుకు పైన జడ్డిగం అనే చెక్క గిన్నె ఉంటుంది. మగవాడు ఎడ్లను తోలుతుంటే, పక్కన నడిచే ఆడమనిషి పిడికిట్లోంచి గింజలను సమంగా జడ్డిగంలోకి జారవిడవాలి. చేను మొలకల్లో ఒత్తుగా వచ్చిందా, పలచబడిందా అన్నది ఆ వేళ్ల మీద ఆధారపడుతుంది. ఈ నేర్పును వ్యవసాయ శాఖ రికార్డులు నైపుణ్యంగా నమోదు చేయలేదు, కూలి కట్టేటప్పుడు కూడా ఎవరూ అలా చూడలేదు.

విత్తనాన్ని దాచడం ఆడవాళ్ల చేతిలోని మరో విద్య. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, పెసలకు బూడిద కలపడం, కుండ అడుగున, మూతి దగ్గర వేపాకు పరచడం, మంచి జొన్న కంకులను చూరుకు వేలాడదీయడం. విత్తనం అయిపోయిన ఇల్లు పక్కింటి నుంచి తెచ్చుకుని, పంట వచ్చాక కాస్త కలిపి తిరిగి ఇచ్చేది. ఇదే పని దొర గడీ నుంచో సాహుకారు నుంచో అయితే దాని పేరు నాగు: తెచ్చుకున్న దానికి సగం కలిపి కొలవాలి. ఇచ్చిపుచ్చుకోవడానికీ పీల్చుకోవడానికీ మధ్య ఊళ్లో ఉన్న దూరం అంతే.

ఎరువు దొడ్లోనే తయారయ్యేది. పెంటకుప్ప ఎంత పెద్దదో చూసి పిల్లనిచ్చిన ఊళ్లున్నాయని పెద్దలు చెబుతారు. అది చాలని రైతు గొర్రెల మందను పిలిచేవాడు. కోతలయ్యాక గొల్ల, కురుమ కాపరులు మందను కొన్ని రాత్రులు చేలో నిలిపేవారు. బదులుగా రైతు గింజలో, రొక్కమో ఇచ్చేవాడు. మంద కట్టిన చేను మరుసటి ఏడు ఎలా పచ్చబడుతుందో చూసినవారికి చెప్పనక్కర్లేదు. తెలుగు జిల్లాల్లో ఈ అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది.

అదనుకు లెక్క కార్తెలది. అశ్విని మొదలుకుని ఇరవై ఏడు కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదాన్ని బట్టి కట్టిన లెక్క కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. తిథుల్లా ముందుకూ వెనక్కూ జరగవు. పండుగలకు చాంద్రమానం పాటించే రైతు, విత్తనానికి మాత్రం సౌరమానం పట్టుకున్నాడంటే కారణం ఇదే. జూన్ మొదటి వారం దాటాక వచ్చే మృగశిరతో పునాస పనులు మొదలవుతాయి. జ్యేష్ఠ పున్నమి ఏరువాక పున్నమి. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, అరక కట్టే రోజు.

నాటుకూ కోతకూ ఇంటి చేతులు చాలనప్పుడు బదులు పని ఉండేది: ఈ రోజు మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. పంట కల్లానికి వచ్చాక ఇంటికి చేరేలోపు చాలా చేతులు పడేవి. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, చెప్పులూ మోట తొండాలూ కుట్టే మాదిగ, నీరటి, ఇలా పన్నిద్దరు ఆయగాళ్లకు కల్లంలోనే మేర కొలిచేవారు. ఏడాది పొడవునా నాగలి కర్రు సాగగొట్టినందుకు కమ్మరికి విడిగా కూలి ఉండదు, కల్లంలోని ఈ గింజలే అతని జీతం. తర్వాత మిగిలింది గాదెకో, గరిసెకో, జొన్నలైతే నేలలో తవ్విన పాతరకో చేరేది. ఈ ఏర్పాటును ఊరి స్వయంపోషకత్వం అని మెచ్చుకుంటూ రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. మేర ఎంతన్నది నిర్ణయించే అధికారం మేర పుచ్చుకునేవారికి ఉండేది కాదన్న మాటను అవి ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

శిస్తు, పట్టా

ఇంగ్లీషు కంపెనీ రాకతో చిన్న రైతు కాగితం మీదికి ఎక్కాడు. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 దాకా పనిచేశాడు. చేను చేనూ కొలిపించి, దళారీ లేకుండా రైతుకే పట్టా ఇచ్చి, అతని దగ్గరే శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతి అక్కడ గట్టిపడింది. చిన్న పట్టాదారు రైతే ఈ దేశానికి సరిపోతాడన్న మన్రో నమ్మకం నిజమైనదే, ఆయన వేసిన శిస్తు మాత్రం మోయలేనిది. 1807లో ఆయనే పాతిక శాతం తగ్గించమని పైవారికి రాశాడు. తగ్గింపు వెంటనే రాలేదు. శిస్తు రొక్కంలో కట్టాలి, గడువుకు కట్టాలి. అంటే పంట ఇంటికొచ్చీ రాగానే, ధర పడిపోయి ఉన్నప్పుడే అమ్మాలి. ధర కోలుకునేదాకా ఓపిక పట్టలేకపోవడమే రైతును సాహుకారుకు అప్పగించింది. గవర్నరుగా 1827లో పర్యటనకు వచ్చిన మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. సీమలో ఆయన పేరు మాండవ్యరుషిగా చాలాకాలం నిలిచింది.

సర్కారు జిల్లాల్లో 1802 నుంచి శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) కింద జమీందారీలు స్థిరపడ్డాయి. 1832-33 నందన కరువులో గుంటూరు జిల్లా జనాభాలో మూడోవంతుకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనా. ఆ శవాల నీడలోనే గోదావరి మీద ఆనకట్ట ఆలోచన పుట్టింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కు వచ్చింది. డెల్టాలో చిన్న రైతు చేతికి తొలిసారి నమ్మదగిన మిగులు వచ్చింది. ఆ మిగులు చదువుల్లోకి, బియ్యం మిల్లుల్లోకి, తర్వాత సినిమాల్లోకీ పోయింది. 1931లో నిజాంసాగర్, 1950లలో తుంగభద్ర నీళ్లు వచ్చినప్పుడు డెల్టా రైతులు కుటుంబాలతో తరలివెళ్లి బోధన్ చుట్టూ, కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు స్థిరపడ్డారు. కర్ణాటకలో వాళ్ల ఊళ్లకు క్యాంపులన్న పేరు ఇంకా పోలేదు. మెట్ట జిల్లాల్లో చాలాచోట్లకు కాలువ రాలేదు, 1876-78 ధాత కరువు వచ్చింది.

హైదరాబాదు రాజ్యంలో దాదాపు అయిదింట రెండు వంతుల నేల జాగీర్లు, సర్ఫెఖాస్ (నిజాం సొంత భూములు) కింద ఉండేది. మిగిలిన దివానీ (ప్రభుత్వ) ప్రాంతంలో పట్టాలున్నా దేశ్‌ముఖుల చేతుల్లో వేల ఎకరాలు చేరాయి. వెట్టి చాకిరీతో కలిసి ఇది 1946-51 సాయుధ పోరాటానికి దారితీసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950 కౌలు చట్టం రక్షిత కౌలుదారు అన్న హక్కును తెచ్చింది. మద్రాసు వైపు 1948 చట్టం జమీందారీలను ఎత్తేసింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇవ్వడంతో వినోబా భూదానం మొదలైంది. 1973 భూపరిమితి చట్టం కుటుంబానికి నేల రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసింది. గీత పడేలోపే పంపకాల కాగితాలు సిద్ధమైన ఇళ్లు తక్కువేం కాదు.

చిన్నదైనా ఎందుకు నిలిచింది?

పెట్టుబడి పెరిగేకొద్దీ చిన్న సేద్యం పెద్ద సేద్యం ముందు నిలవదని పందొమ్మిదో శతాబ్దం చివర మార్క్సిస్టులు అనుకున్నారు. కార్ల్ కౌట్‌స్కీ 1899లో ఈ ప్రశ్న మీదే పుస్తకం రాశాడు. రష్యా ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయనోవ్ వేరే దారి పట్టాడు. రైతు కుటుంబం తన కూలిని తాను లెక్కగట్టుకోదు కాబట్టి దాని లాభనష్టాలు ఫ్యాక్టరీ లెక్కకు అందవని 1925 నాటి పుస్తకంలో వాదించాడు. తినే నోళ్లు ఎన్ని, చేసే చేతులు ఎన్ని, ఇంకొంచెం ఒళ్లు వంచితే వచ్చేది ఆ కష్టానికి తగునా అన్నదే దాని తూకం. కంపెనీ మూసేసుకునే చోట కుటుంబం ఇంకాస్త నడుం వంచుతుంది. సేద్యం లెక్క చూస్తే నాగలి కూడా మిగలదని మన ఊళ్లో అనే మాట సరిగ్గా అక్కడికే వస్తుంది. చయనోవ్‌ను స్టాలిన్ ప్రభుత్వం 1937లో కాల్చి చంపింది.

మన దేశంలో ఈ చర్చకు మంచి మెదళ్లే దొరికాయి. భారతదేశపు చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలో అంబేడ్కర్, ఎకరాలు చూసి కమతం చిన్నదనో పెద్దదనో అనడం తప్పన్నాడు. దానికి తోడు ఉన్న ఎడ్లు, పనిముట్లు, పెట్టుబడి ఎంత, నేల మీద ఆధారపడ్డ మనుషులు ఎందరు అన్నది చూడాలన్నాడు. జనాన్ని పరిశ్రమల్లోకి తీసుకుపోవడమే ఆయన చెప్పిన మందు. నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి.రంగా దీనికి అటువైపు నిలబడ్డాడు. సొంత భూమి, సొంత శ్రమ, ఇంటి నిర్ణయం అన్న మూడూ ఉన్న రైతు కుటుంబం వల్లే ప్రజాస్వామ్యం నిలుస్తుందన్నది ఆయన వాదం. నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం పాఠశాల నడిపాడు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేస్తే దాన్ని వ్యతిరేకించి, ఆ ఏడే ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యాడు. కమ్యూనిస్టులు దున్నేవానికే భూమి అన్నారు. విచిత్రం ఏమిటంటే తెలంగాణ సాయుధ పోరాటంలో వాళ్లు పంచిన భూమి కూడా చివరికి చిన్న కుటుంబ కమతంగానే సాగింది. రంగాకూ కమ్యూనిస్టులకూ ఎన్ని పేచీలున్నా, నేల మీద వాళ్లు కలుసుకున్న చోటు అదొక్కటే.

1962లో అమర్త్య సేన్ మరో ముడి విప్పాడు. 1950లలో జరిగిన కమత నిర్వహణ సర్వేల్లో చిన్న కమతాల్లో ఎకరానికి దిగుబడి విలువ ఎక్కువగా కనిపించింది. ఇంటి శ్రమకు బయట గిరాకీ లేనప్పుడు దాన్ని చేలోనే గుమ్మరిస్తారు, కలుపు నాలుగుసార్లు తీస్తారు, గట్టు మీద కూడా ఏదో ఒకటి పెడతారు. దిగుబడి ఎక్కువ రావడం చూసి మురిసిపోవడం తేలిక. దాని వెనక వేరే పని దొరకని పేదరికం ఉందని సేన్ వివరణ చెబుతుంది. ఎరువులు, బోర్లు, యంత్రాలు వచ్చిన చోట ఈ తేడా తగ్గిందని, కొన్నిచోట్ల తలకిందులైందని తర్వాతి పరిశీలనలు చూపాయి.

ఇంటి సేద్యం అన్న మాటలో ఇల్లు ఎవరిదన్నది కూడా అడగాలి. కాస్త భూమి ఉన్న కాపు ఇళ్లలో పశువుల కొట్టం దగ్గర పడుకునే పాలేరు, తెలంగాణలో జీతగాడు, ఏడాది ఒప్పందం మీద ఉండేవాడు. అతను ఎక్కువగా మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చేవాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో అచ్చయిన 'మాలపల్లి' నవలలో ఈ సంబంధాన్ని పాలేరు వైపు నుంచి చూపించారు. ఇంటి ఆడవాళ్ల సంగతి చూస్తే కలుపు, నాటు, విత్తనం, పాడి వారివి, పట్టా మగవాడిది. 1986లో ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, కేంద్రం ఆ పని చేసింది 2005లో. అయినా 2015-16 గణనలో దేశంలో ఆడవాళ్లు నడిపే కమతాలు సుమారు 14 శాతం.

గడప దాటిన మూడు

1966లో ఐ.ఆర్.8 వరి వచ్చింది, ఆ మరుసటేడే నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. దిగుబడులు పెరిగాయి, కరువు చావులు పోయాయి. దీన్ని చిన్నచేసి మాట్లాడడం అన్యాయం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూలి ఇళ్లలో కూడా రోజూ అన్నం వండడం మొదలైంది. అదే పథకంతో జొన్న, కొర్ర చేలకు సొంత ఊళ్లోనే గిరాకీ పోయింది.

మార్పు అసలు బరువు మరోచోట పడింది. విత్తనం, దుక్కి బలం, ఎరువు అన్న మూడూ ఇంటి దొడ్లోంచే వచ్చేవి. ఒక తరంలో మూడూ గడప దాటి అంగడికి పోయాయి: సంకర విత్తనం, ట్రాక్టరు, యూరియా. తర్వాత బోరు, పురుగుమందు. కొనవలసినవి పెరిగాయి, అమ్మే ధర మాత్రం రైతు చేతికి రాలేదు. చిన్న కమతాన్ని కుంగదీసింది దాని పరిమాణం కంటే ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడినప్పుడు, 1997-98లో వరంగల్ పత్తి చేలు పురుగుకు పోయినప్పుడు ఆత్మహత్యలు చేసుకున్నవారిలో చిన్న రైతులు, కౌలుదార్లే ఎక్కువ. పది పంటల చేనును తుడిచి ఒకే పంట వేశాక ఒక్క పురుగు చాలు. 2002-03 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. 2018-19 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 93.2 శాతం, తెలంగాణ 91.7 శాతం. దేశం సగటు 50.2.

ఇప్పటి ప్రయత్నాలు

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, ఎక్కువగా దళిత మహిళల సంఘాలతో, బీడు భూములను సాగులోకి తెచ్చి, కలిపి విత్తే చేలనూ విత్తన కుండలనూ నిలబెట్టింది. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పురుగుమందు మానేసిన ఊళ్లలో ఖమ్మం వైపు పునుకుల, జనగామ వైపు ఏనబావి పేరుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుంచి ప్రకృతి సేద్యాన్ని ఊరూరా తీసుకుపోయింది. పేడ, మూత్రంతో చేసే జీవామృతం, వానకు ముందే పొడినేలలో నవధాన్యాలు విత్తడం, ఏడాదంతా నేల మీద పచ్చదనం ఉంచడం ఇందులో భాగం. మహిళా సంఘాల ఆధారంగా నడిచే ఈ కార్యక్రమానికి 2024 గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. ఖర్చు తగ్గడం అందరూ ఒప్పుకునే మాట. దిగుబడి సంగతి నేలను బట్టి, పంటను బట్టి తేడాగా ఉంది, ఇందులో పని కూడా ఎక్కువే. ఇంట్లో చేతులు తగ్గిపోయిన రైతుకు అది చిన్న మాట కాదు. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లు మాత్రం పట్నాల చుట్టుపక్కల కూరగాయల రైతుకు నేరుగా పనికొచ్చాయి. రాష్ట్రాల ఎల్లలు దాటి చూస్తే, ఐక్యరాజ్యసమితి 2014ను కుటుంబ సేద్య సంవత్సరంగా, 2019-2028ని దశాబ్దంగా ప్రకటించింది. ప్రపంచంలో ఉన్న సుమారు 60 కోట్ల కమతాల్లో పదింట తొమ్మిదికి పైగా కుటుంబాలు నడిపేవే.

తెలుగు నాట నేడు చిన్న కమతం నడిపేవారిలో పెద్ద భాగం కౌలుదార్లు. ఆ భూముల సొంతదార్లు చాలామంది పట్నంలోనో అమెరికాలోనో ఉన్నారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే డబ్బు వేసింది, చేలో ఉన్న కౌలుదారుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం పదకొండు నెలలకే, అదీ భూయజమాని సంతకం పెడితేనే.